సుత్తుల చప్పుడు ఆగిన సాయంత్రం

ఐర్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళని గుంపుగా ఇస్తాంబుల్ తీసుకెళ్ళి, అక్కడి పైకప్పున్న పాత బజార్లు చూపించి, ఎవరూ తప్పిపోకుండా మళ్ళీ డబ్లిన్ విమానాశ్రయంలో దించడం. పద్నాలుగేళ్ళు ఇదే నా ఉద్యోగం. పోయిన చలికాలంలో మానేశాను. మోకాళ్ళు ఇంక ఒప్పుకోలేదు.

నా స్థానంలో ఇద్దరమ్మాయిలు చేరారు. "ఆంటీ, మీకు తెలిసిందంతా ఒక డాక్యుమెంటులా రాసివ్వండి" అన్నారు. డాక్యుమెంటంటే చుక్కలు పెట్టి ఒక్కో పాయింటూ రాయాలట. నాకలా రాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం వచ్చు. రాయడం అనేదే నాకు యాభై దాటాక వచ్చింది కాబట్టి, అక్కడక్కడ గీత వంకరపోతే సర్దుకోండి.

రైస్ కుక్కరుతో చేరాను

మా ఆయన కార్లోలో ఒక ఇండియన్ రెస్టారెంటులో వంటవాడు. నేనూ అదే వంటింట్లో ఉల్లిపాయలు తరిగేదాన్ని. డబ్లిన్‌లో కంప్యూటర్ కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. నెలకి పది కుటుంబాలు దిగేవి మనవాళ్ళవి. వాళ్ళకి సెలవొస్తే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. ఎక్కడికో అక్కడికి పోవాలి. ఆ సంగతి కనిపెట్టి శ్రీధర్‌గారు టూర్ల ఆఫీసు పెట్టారు.

ఆయన మొదటి ఇస్తాంబుల్ గుంపు తిరిగొచ్చి పెద్ద గొడవ చేసింది. శాకాహారులు మూడు రోజులు రొట్టె, దోసకాయ ముక్కలతో బతికారట. రెండో గుంపు బయల్దేరే ముందు శ్రీధర్‌గారు మా వంటింటి తలుపు దగ్గరకొచ్చి, "సుబ్బలక్ష్మక్కా, ఒక రైస్ కుక్కరూ, ఒక చింతపండు సీసా పట్టుకుని మాతో రాగలవా?" అనడిగారు. అట్లా చేరాను. మూడు ప్రయాణాలు వంటమనిషిగానే వెళ్ళాను. నాలుగోసారి ఆయనకి జ్వరమొచ్చి, గుంపుని నాకప్పగించారు. ఆ తర్వాత తిరిగి అడగలేదు, నేనూ తిరిగివ్వలేదు.

ఒక మాట. ఆ దేశంలో గైడు పని చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. మాకు నెర్మిన్ అని అక్కడి గైడు ఉండేది. ఏ సుల్తాను కట్టించాడు, ఎన్ని గుమ్మటాలున్నాయి, ఎన్నిసార్లు కాలిపోయింది, అవన్నీ ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది. నాది మిగతా పని. ఎవరి కాలు బెణికింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరికి బాత్రూం కావాలని చెప్పడానికి మొహమాటం. ఈ ఉద్యోగంలో నూటికి తొంభై పాళ్ళు ఆ మిగతా పనే. చరిత్ర నేర్చుకోవడం మంచిదే కానీ, మొహాలు చదవడం ముందు నేర్చుకోండి.

నేల ఎటు వాలుతుందో చూడండి

పెద్ద బజారంటే ఒక భవనం కాదు. పైకప్పు వేసిన చిన్న ఊరు. కొండ నెత్తిన ఉంటుంది. మసాలా బజారు కింద, నీళ్ళ ఒడ్డున. రెంటికీ మధ్య ఒక ఇరుకు వీధి కిందకి దిగుతూ పోతుంది. పొద్దున పైన, మధ్యాహ్నం భోజనం, తర్వాత దిగుతూ కింద. ఇదీ మా రోజు.

మనవాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే ఫోను తీస్తారు. అంత లావు రాతి గోడల కింద ఫోను పాపం ఏం చేస్తుంది? ఒకసారి ఒక ఇంజనీరు కుర్రాడు, "ఆంటీ, మనం ఇప్పుడు సముద్రంలో ఉన్నాం" అని నీలం చుక్క చూపించాడు. "అయితే ఈత కొట్టు నాయనా, నేను మటుకు ఇటు నడుస్తా" అన్నాను.

నా దారి నాకు వేరే ఉండేది. కాలికింద నేల వాలుగా ఉంటే ఒక దిక్కు, ఎక్కుతుంటే ఇంకో దిక్కు. తోలు వాసనొస్తే బ్యాగుల వీధి. చలవరాతి కుళాయి దగ్గర మూడు దారులు. బంగారం వీధిలో మనుషులు మెల్లగా మాట్లాడతారు, బట్టల వీధిలో కేకలేస్తారు. బయటవైపు, ఒకప్పుడు వర్తకులు దిగిన పాత సత్రంలో రాగి పనివాళ్ళుంటారు. వాళ్ళ సుత్తుల చప్పుడు నాలుగు మలుపుల అవతలికి వినబడుతుంది. ఆ చప్పుడే నాకు గడియారం, దిక్సూచి.

ఇంత గొప్పగా చెప్తున్నాను కానీ అసలు కారణం చెప్పలేదు. అప్పట్లో నాకు చదవడం రాదు. అంకెలు వచ్చు, సంతకం బొమ్మలా గీయడం వచ్చు. చిన్నప్పుడు తమ్ముళ్ళని ఎత్తుకుని తిరగడంలో బడి దాటిపోయింది. ఎవరైనా కాగితమిస్తే "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, నువ్వే చదువు" అనేదాన్ని. ఆ ఒక్క మాటతో అన్నేళ్ళు గడిపేశాను. గుంపులో పద్దెనిమిది మంది ఉన్నా వాళ్ళ పేర్లన్నీ శ్రీధర్‌గారు ఫోనులో చెప్తే ఒక్కసారికే వచ్చేసేవి.

పొద్దున్నే చేసిన తప్పు

నేను ఒంటరిగా గుంపుని నడిపిన మొదటి నెలల్లో జరిగింది. మేం బజారు తలుపులు తీస్తుండగానే వెళ్ళాం. శాలువల కొట్టులో మా డబ్లిన్ పెద్దమనిషి ఒకాయన, ఇంట్లో పెళ్ళికి చీరలు చూసినట్టు, ముప్ఫై శాలువలు విప్పించాడు. అంచు చూశాడు, వెనక చూశాడు, వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. చివరికి "జస్ట్ లుకింగ్" అని చేతులు దులుపుకున్నాడు. కొట్టాయన మొహం మాడిపోయింది.

బయటికొచ్చాక నెర్మిన్ నన్ను పక్కకి లాగింది. "సుబ్బూ, పొద్దున మొదటి బేరం వీళ్ళకి దేవుడిచ్చినట్టు. ఆ మొదటి నోటు కళ్ళకద్దుకుంటారు. మీవాళ్ళు అది పాడుచేశారు" అంది.

నాకు సిగ్గేసింది. ఇది మనకి తెలియని విషయమా? బోణీ కాకముందు ఊరికే బేరమాడి వెళ్ళిపోతే మా ఊళ్ళో కూరగాయల రత్తమ్మ ఏడు తరాలూ ఎత్తేది. ఆ పెద్దమనిషి దగ్గరికెళ్ళి, "బాబూ, ఆయనకింకా బోణీ కాలేదు" అన్నాను. ఆయన నిజంగా నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, ఆ మాట ముందు చెప్పొద్దా ఆంటీ!" అంటూ వెనక్కెళ్ళి ఒక శాలువ తీసుకున్నాడు. కొట్టాయన దాన్ని మడతపెడుతూ, రెండోది మటుకు ఎదుటి కొట్టులో చూడమన్నాడు. ఎదుటాయనకి ఇంకా బోణీ కాలేదట!

మా పెద్దమనిషి నా చెవిలో, "వీళ్ళిద్దరూ బావాబామ్మర్దులై ఉంటారాంటీ, కమీషను" అన్నాడు. కాదు. అది అక్కడి పాత పద్ధతి. తనకి దొరికింది పక్కవాడికి కూడా దొరకాలని. ఆ రోజు నుంచీ పొద్దున్నే గుంపుకి నేను చెప్పే మొదటి మాట అదే: మొదటి కొట్టులోకి కొనే ఉద్దేశం ఉంటేనే వెళ్ళండి. సుల్తానుల పేర్లు మర్చిపోతారు కానీ బోణీ మాట మనవాళ్ళెవరూ మర్చిపోలేదు.

విజయలక్ష్మి గిన్నె

విజయలక్ష్మిది గుంటూరు వైపు. వాటర్‌ఫోర్డ్‌లో భర్త, పన్నెండేళ్ళ కూతురు అంజలితో ఉండేది. నోరు కాస్త పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఒక వసంతకాలం గుంపులో తను ఒక్కతే వచ్చింది. చంకలో దుప్పటి చుట్టిన మూట. డబ్లిన్‌లో సెక్యూరిటీ వాళ్ళు విప్పించారు. ఇత్తడి గిన్నె.

"ఏంటమ్మాయ్, నా వంట మీద నమ్మకం లేదా?" అన్నాను.

"మీ పులిహోరకి దణ్ణం ఆంటీ. ఇది మా అమ్మది. కళాయి మొత్తం పోయింది, చూడండి. ఐర్లండంతా గాలించా, కళాయేసేవాడు ఒక్కడన్నా దొరికితే ఒట్టు. ఆడ రాగి బజారుందంటగా?"

తర్వాత విమానంలో చెప్పింది. ఐర్లండ్‌లో వాళ్ళు ఏడు అద్దె ఇళ్ళు మారారు. లీజు అయిపోవడం, ఓనరు ఇల్లు అమ్ముకోవడం, మళ్ళీ వెతుక్కోవడం. ప్రతి ఇంట్లోనూ మొదటిరోజు ఆ గిన్నెలోనే పాలు పొంగించింది. ఇప్పుడు సొంతిల్లు. గురువారం గృహప్రవేశం. "ఏడు పరాయి ఇళ్ళల్లో పొంగాయి ఆంటీ దీంట్లో. సొంతింట్లో స్టీలు గిన్నెలో పొంగిస్తానా? కళాయి లేకుండా కాస్తే పాలు చిలుమెక్కిపోతాయి."

మేం బజారుకెళ్ళింది శనివారం. ఆదివారం బజారు మూసేస్తారు, మా విమానమూ ఆదివారమే. అంటే గిన్నె ఆ ఒక్కరోజులో అవ్వాలి.

గుంపుని టీ తాగమని కూర్చోబెట్టి, నెర్మిన్, నేను, విజయ రాగి పనివాళ్ళ సత్రానికి వెళ్ళాం. నడుమ వాకిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. పై వరండాలో ఒక ముసలాయన గిన్నెని కాల్చి తగరం పూస్తున్నాడు. తెల్లటి పొగ లేచింది. ఆ వాసన తగలగానే నాకు మా వీధిలోకి కొలిమి తిత్తి మోసుకొచ్చే కళాయి మనిషి గుర్తొచ్చాడు. ఈయన కూడా ఆ పనిని "కలాయ్" అనే అన్నాడు. విజయా నేనూ మొహాలు చూసుకుని నవ్వుకున్నాం.

ఆయన గిన్నెని వేలితో మీటి చూసి, సాయంత్రం ఐదున్నరకి రమ్మన్నాడని నెర్మిన్ చెప్పింది. ఆయన ఒక చీటీ మీద రెండు పక్కలా ఏదో రాసి నా చేతికిచ్చాడు. నేను దాన్ని పైనుంచి కిందకి చూసినట్టు చూసి, తలూపి, పర్సులో పెట్టుకున్నాను.

"దారి గుర్తుంటదా ఆంటీ? ఫోటో తీసుకోనా?" అంది విజయ.

"పద్దాకా వచ్చే చోటేగా. నాకు తెలుసులే" అన్నాను.

ఈ ఉద్యోగంలో నేను చేసిన అసలు తప్పు ఆ మాట.

చప్పుడు ఆగింది

మధ్యాహ్నం నెర్మిన్ తన పని ముగించుకుని వేరే గుంపుకి వెళ్ళిపోయింది. మసాలా బజారులో మావాళ్ళు కదల్లేదు. ఒకావిడ కుంకుమపువ్వు అసలుదో రంగేసిందో తేల్చమని నన్ను పట్టుకుంది. అందరినీ హోటలు ట్రామెక్కించి, నేనూ విజయా కొండెక్కేసరికి ఆరు దాటింది.

బజారులో సగం కొట్లు మూసేస్తున్నారు. నేను ఎప్పటిలా కుళాయి దగ్గర ఆగి చెవి పెట్టాను.

ఏమీ వినబడలేదు.

సుత్తులు ఆగిపోయాయి. పద్ధతిగా పని ముగించి అందరూ ఇళ్ళకి పోతున్నారు. చప్పుడు లేకపోతే నాకు ఆ బజారు కొత్త బజారైపోయింది. ఎడమకి తిప్పాను, లాంతర్ల వీధి వచ్చింది. మళ్ళీ కుళాయి. కుడికి తిప్పాను. చివరికి వాసన పట్టుకుని సత్రం చేరాం. పై వరండా నిండా దించేసిన షట్టర్లు. అన్నీ బూడిద రంగే. అన్నీ ఒకలాంటివే.

"ఏదాంటీ?"

"ఇక్కడే... ఇదే అనుకుంటా."

"అనుకుంటా ఏంది? తెలుసన్నారుగా!"

నెర్మిన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కింద వాకిట్లో ఒక మనిషి గేటు గొలుసు చేత్తో పట్టుకుని మావైపు చూస్తున్నాడు. విజయ గొంతు మారిపోయింది. "ఆంటీ, అది మా అమ్మ గిన్నె. రేపు మూత. ఎల్లుండి నేనాడ, అదిక్కడ. చీటీ ఇచ్చాడుగా, తియ్యండి, చూడండి!"

చీటీ తీశాను. నోరు దానంతటదే అనేసింది: "కళ్ళజోడు మర్చిపోయానమ్మా."

విజయ నన్ను ఎగాదిగా చూసింది. "నెత్తిమీదుంది ఆంటీ."

కుంకుమపువ్వు చూడ్డానికి పెట్టుకున్న కళ్ళజోడు నెత్తిమీదే ఉండిపోయింది. దాన్ని దించి కళ్ళకి పెట్టుకున్నాను. ఎందుకో నాకూ తెలియదు. అక్షరాలు బాగా పెద్ద చీమల్లా కనబడ్డాయి.

"నాకు చదవడం రాదు విజయా" అన్నాను. మా ఆయనకి తప్ప ఇంకో మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

తను విసురుగా చెయ్యి చాపింది. "ఆ మాట పొద్దున్నే చెప్పి చస్తే ఫోటో తీసుకునేదాన్ని కదాంటీ! ఇటివ్వండి."

వాళ్ళ రాత ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. విజయ చీటీ పైకెత్తి, ఒక్కో షట్టరు మీది బోర్డుతో సరిపోలుస్తూ నడిచింది. ఏడో గది. అదే పేరు. తాళం వేసి ఉంది. తను షట్టరుని అరచేత్తో కొట్టింది. జవాబు లేదు.

"వెనకాల ఇంకేదో ఉందాంటీ, వీళ్ళ భాష" అంటూ తను చీటీ పట్టుకుని మెట్లు దిగి, గేటు మనిషికి చూపించింది. అతను చదివి, నవ్వి, గొలుసు వదిలేసి, మెట్ల కింద ఉన్న టీ గూడు వైపు వేలు చూపించాడు. లోపల టీ కాచేవాడు గ్లాసులు కడుగుతున్నాడు. వాడి వెనక అరలో, గ్లాసుల పక్కన, పేపరు చుట్టిన విజయ గిన్నె ఉంది. ఆలస్యమైతే టీ కొట్టులో తీసుకోమని ముసలాయన పొద్దున్నే రాసిపెట్టాడు. డబ్బు కూడా టీ ఆయనకే ఇవ్వాలని.

పేపరు విప్పితే లోపల చందమామలా ఉంది. విజయ అందులో తన మొహం చూసుకుని, కళ్ళు తుడుచుకుని, "మీరూ చూసుకోండి" అని నా ముందు పెట్టింది. టీ ఆయన మాకు రెండు గ్లాసులు పోశాడు.

ఆ టీ తాగుతూ నాకు తెలిసింది ఇది. ఆ గిన్నె పోబోయింది నాకు చదువు రాకపోవడం వల్ల కాదు. ఆ చీటీ ఎవరికి చూపించినా దారి చెప్పేవాళ్ళు. కానీ కాగితం బయటికి తీస్తే ఎవరో ఒకరు "ఇందులో ఏముంది?" అంటారని భయం. ఆ భయంతో రోజంతా పర్సులో దాచాను. తెలియకపోవడం తప్పు కాదు పిల్లలూ. తెలిసినట్టు తలూపడం తప్పు. మీకు కూడా తెలియనివి ఉంటాయి. గుంపు ముందు "నాకు తెలియదు, కనుక్కుంటాను" అనండి. ఎవరూ కొట్టరు.

బియ్యం పళ్ళెం

గురువారం నన్నూ మా ఆయన్నీ పిలిచింది. వాటర్‌ఫోర్డ్‌లో వరసగా ఒకేలా ఉన్న ఇళ్ళల్లో చివరిది. పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీద పడి, పొగకి పైన అలారం కూతపెట్టింది. విజయ భర్త తువ్వాలు ఊపుతూ దాని కింద గంతులేశాడు. పక్కింటి ఐరిష్ ఆవిడ తలుపు తట్టి, "ఆర్ యూ ఆల్ రైట్?" అంటూ వచ్చి, పరమాన్నం తిని వెళ్ళింది.

భోజనాలయ్యాక విజయ పళ్ళెంలో బియ్యం పోసి నా ముందు పెట్టింది.

"ఇదేంటే, నాకు అక్షరాభ్యాసమా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీండి. మళ్ళీ ఎవరి గిన్నో పోగొడతారు. వేలు పెట్టండి."

నా వేలు పట్టుకుని 'అ' దిద్దించింది. అంజలి పక్కనే కూర్చుని చూసి, "యూ ఆర్ గ్రాండ్, ఆంటీ, కీప్ గోయింగ్" అంది. నిజంగానే ఎవరూ నవ్వలేదు. మా ఆయన మటుకు గోడవైపు తిరిగాడు.

తర్వాత కార్లోలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే క్లాసులో చేరాను. నా పక్కన ఒక లారీ డ్రైవరు, ఇద్దరు అమ్మమ్మలు. ముగ్గురూ అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. చదువు రానిది నాకొక్కదానికే అనుకున్నన్నాళ్ళూ ఎంత గర్వంగా సిగ్గుపడ్డానో! ఇంగ్లీషు అక్కడ, తెలుగు ఆదివారాలు ఫోనులో విజయ దగ్గర. తను మంచి టీచరు కాదు, తిడుతుంది. కానీ వదల్లేదు.

శ్రీధర్‌గారికి చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కాఫీ తాగుతూ, "నాకు మొదటి ప్రయాణంలోనే తెలుసక్కా. అందుకేగా నీకెప్పుడూ మెసేజి పెట్టకుండా ఫోన్ చేసి చెప్పేది" అన్నారు. మంచి మనిషి. ఆయన ఉప్పు తిన్నాను. అయినా రాస్తున్నాను, అది తప్పే. తెలిసీ దాచిపెట్టడం నా పరువు కాపాడింది కానీ, నన్ను ఏళ్ళ తరబడి అక్కడే ఉంచింది. విజయ తిట్టి, నాకు చదువు నేర్పించింది. మీ కింద ఎవరైనా పనిచేసే రోజొస్తే ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకోండి.

చివరిసారి

పోయిన శరత్కాలంలో నా ఆఖరి గుంపు. స్లైగో ఆసుపత్రిలో పనిచేసే మన నర్సులు, పన్నెండు మంది. సంతోషంగా, పాటలు పాడుకుంటూ తిరిగే గుంపు. వాళ్ళని టీకి కూర్చోబెట్టి నేను ఒక్కదాన్నే రాగి సత్రానికి వెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం. కుళాయి దగ్గర ఆగి చెవి పెట్టాను. చప్పుడు లేదు. ముసలాయన పోయి రెండేళ్ళైందని నెర్మిన్ చెప్పే ఉంది. మిగతా పనివాళ్ళు ఊరి బయటికి మారిపోయారట. సత్రంలో ఇప్పుడు ఫోను కవర్లు, చార్జర్లు, మెరిసే దీపాలు. పాత వాసన కూడా లేదు. నా చెవులూ ముక్కూ నన్ను అక్కడికి తీసుకెళ్ళలేకపోయాయి. సత్రం గేటు మీది పేరు చదువుకుని వెళ్ళాను.

పై వరండాలో ఏడో గది ముందు ఆగాను. లోపల గోడ నిండా ఫోను కవర్లు. పైన మటుకు పాత బోర్డు తియ్యలేదు. రంగు వెలిసిపోయింది. నెత్తిమీంచి కళ్ళజోడు దించుకుని, ఒక్కో అక్షరం పైకి చదివాను. ముసలాయన పేరు. కింద చిన్నగా ఆయన పని: కలాయ్. గిన్నె రోజు నుంచీ అన్నేళ్ళు ఆయన దగ్గరికి వచ్చీపోయీ, ఆయన పేరు నేను పలకడం అదే మొదటిసారి.

లోపలున్న కొట్టాయన తల బయటపెట్టి, ఏం కావాలని ఇంగ్లీషులో అడిగాడు.

"ఏమీ వద్దు బాబూ, చదువుకుంటున్నాను" అన్నాను తెలుగులోనే. అతనికేం అర్థమైందో, స్టూలు ఒకటి బయట వేశాడు. అప్పుడు గుర్తొచ్చి ఇంగ్లీషులో అడిగాను, పొద్దున్నుంచి బేరం ఏమైనా అయిందా అని. లేదని తలూపాడు.

విజయ ఫోనుకి ఒక కవరు కొన్నాను. అతను ఆ నోటు కళ్ళకద్దుకున్నాడు.